ప్రతిపక్షానికి పోషకులు: పాపారపట్టి మీదుగా ఒక శతాబ్ది చరిత్ర

ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలోని పాపారపట్టి, తమిళంతోపాటు తెలుగు, కన్నడాలు కూడా ఇళ్లలోను అంగళ్లలోను వినిపించే సరిహద్దు సీమలో ఒక చిన్న పట్టణం. 1965 అక్టోబరు 2న ధర్మపురి ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు అది సేలం జిల్లాలో అంతర్భాగం. రాజధానులకు, రేవులకు, వర్తక కేంద్రాలకు దూరంగా ఉన్న ఈ ఊరి పేరు దేశచరిత్రలో నిలిచిందంటే అందుకు కారణం సుబ్రహ్మణ్య శివ. కారాగారంలో సంక్రమించిన కుష్ఠువ్యాధితో శరీరం శిథిలమైపోగా, తలపెట్టిన భారతమాత ఆలయం పునాది దాటి పైకి లేవకుండానే, 1925 జూలై 23న, నలభై ఒకటో ఏట ఆయన ఇక్కడ కన్నుమూశాడు.

అధికారాన్ని ఎదిరించవలసిన నాయకుని పోరాటసంకల్పాన్ని ధనం ఏ మేరకు శాసిస్తుందన్న ప్రశ్న మన కాలంలో ఎన్నికల బాండ్ల వివాదంతో వీథికెక్కింది కాని, దాని వయస్సు ఆ వివాదం కన్న చాలా ఎక్కువ. నిజానికి మన దక్షిణదేశంలో ఆ ప్రశ్న స్పష్టమైన రూపు దాల్చిన మొదటి సందర్భాల్లో ఒకటి శివ జీవితంతోనే ముడివడి ఉంది. అంతేకాదు, దానికి చరిత్ర చెప్పిన మూడు భిన్నమైన సమాధానాలు పాత సేలం జిల్లా గడ్డతోనే ముడిపడి ఉన్నాయి: ఒకటి పాపారపట్టిలో శివ ఎంచుకున్న నిర్ధన మార్గం, రెండవది 1944లో సేలం నగరంలో జస్టిస్ పార్టీ తన సంపన్న పోషకులను వదులుకున్న తీర్మానం, మూడవది హోసూరు సమీపంలోని తొరపల్లిలో పుట్టి సేలంలో న్యాయవాదిగా ఎదిగిన రాజాజీ, వృద్ధాప్యంలో వ్యాపారవర్గాల అండను ఆశించి నిర్మించిన స్వతంత్ర పార్టీ. ఈ మూడింటినీ వరుసగా పరిశీలిస్తే, ధనం ప్రతిపక్షాన్ని లొంగదీసే తీరు మనం సామాన్యంగా ఊహించుకునే లంచం కన్న సూక్ష్మమైనదని తేలుతుంది.

కథ తూత్తుకుడి రేవులో మొదలవుతుంది. తూత్తుకుడి, కొలంబోల మధ్య నౌకాయానం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుత్తాధిపత్యంలో ఉన్న రోజుల్లో, న్యాయవాది వి.ఓ. చిదంబరం పిళ్లై చొరవతో 1906 అక్టోబరు 16న స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరయింది. దాని మూలధనం పది లక్షల రూపాయలు. ఇరవై ఐదేసి రూపాయల వాటాలు నలభై వేలు. మదుర తమిళ సంగాన్ని పునరుద్ధరించిన పాలవనత్తం జమీందారు పాండిత్తురై దేవర్ అధ్యక్షుడు కాగా, హాజీ మహమ్మద్ బకీర్ సేట్ ఒక్కరే ఎనిమిది వేల వాటాలకు రెండు లక్షల రూపాయలు సమకూర్చారు. ఇరవై ఐదు రూపాయలకు ఒక వాటా అన్నప్పుడు అది చిన్నకారు వర్తకునికీ అందుబాటులో ఉన్నదే. కాని అయిదో వంతు మూలధనం ఒక్క చేతి మీదుగా వచ్చిందన్న సంగతిని కూడా విస్మరించరాదు. స్వదేశీ కంపెనీ జన్మతోనే ప్రజా ఉద్యమమూ, వాణిజ్య సంస్థా అయింది. ఈ రెండు ప్రకృతులూ కలిసి నడిచినంతకాలం అది బలం; విడివడిన నాడు అదే దౌర్బల్యం.

కంపెనీ గాలియా, లావో అనే రెండు ఓడలను కొని నడపడం ప్రారంభించగానే పోటీ తీవ్రమైంది. బ్రిటిష్ కంపెనీ టిక్కెట్టు ధరను రూపాయికి దించింది. స్వదేశీ కంపెనీ దాన్ని ఎనిమిది అణాలు చేసింది. అప్పుడు బ్రిటిష్ కంపెనీ ప్రయాణాన్నే ఉచితం చేసి, ఎక్కిన వారికి ఒక గొడుగు కూడా చేతికిచ్చిందని చరిత్రకారులు నమోదు చేశారు. ఎండకు మండిపోయే తూత్తుకుడి రేవులో ఆ గొడుగు స్వల్పమైన ఆకర్షణ కాదు. ఎంత నష్టమైనా భరించగల పెట్టుబడి, నష్టాన్ని ఒక ఏడాదైనా భరించలేని పెట్టుబడిని ఎలా ఊపిరాడనివ్వకుండా చేస్తుందో ఆ గొడుగు చెబుతుంది. చిదంబరం పిళ్లైనే కొనివేయాలన్న ప్రయత్నం కూడా జరిగిందని, ఆయన నిరాకరించాడని జీవితచరిత్రలు చెబుతాయి. తూత్తుకుడిలో బ్రిటిష్ కంపెనీ ఏజెంట్లయిన ఎ. అండ్ ఎఫ్. హార్వే సంస్థే అక్కడి కోరల్ మిల్లును కూడా నడిపేది. జిల్లా అధికార యంత్రాంగం సానుభూతి ఎటువైపు ఉన్నదో ఎవరికీ అనుమానం లేదు. ఓడలో, మిల్లులో, కచేరీలో ఒకే ప్రయోజనం పరస్పరం ఊతమిచ్చుకున్న వ్యవస్థ అది. పైరవీ అంటే దొరల బంగళా ముందు ఎవరో చేతులు కట్టుకుని నిలబడటమే కానక్కరలేదు. పాలకుడూ పెట్టుబడిదారూ ఒకే విందులో కూర్చునే చోట పైరవీ వేరే చేయవలసిన పని ఉండదు.

ఈ దశలోనే సుబ్రహ్మణ్య శివ తూత్తుకుడిలో ప్రవేశించాడు. బట్లగుండులో 1884 అక్టోబరు 4న పుట్టిన ఈ యువకునికి ఆస్తి లేదు, పదవి లేదు, వాటాలు లేవు. ఉన్నది వాక్కు మాత్రమే. 1908 ఫిబ్రవరి 27న కోరల్ మిల్లు కార్మికులు సమ్మె ప్రారంభించగా, చిదంబరం పిళ్లైతో కలిసి శివ వారికి అండగా ఉపన్యసించాడు. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం దిగివచ్చి వేతనాల పెంపుకు, ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఇక్కడ కారణాలను ఒకింత నిలిచి తూచవలసి ఉంది. ఓడల పోటీలో స్వదేశీ పక్షం ఉక్కిరిబిక్కిరి అవుతుండగా, మిల్లు సమ్మెలో అదే పక్షం రోజుల వ్యవధిలో నెగ్గడానికి కారణమేమిటి? ఓడల పోటీలో ధనానికి ధనమే ఎదురు నిలవవలసి వచ్చింది. సమ్మెలో ధనానికి ఎదురు నిలిచినవి పని మానేసిన చేతులు. మరొక భేదం కూడా ఉంది. సమ్మె నాయకునికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. కంపెనీకి మాత్రం డైరెక్టర్లున్నారు, వాటాదారులున్నారు. సర్కారు ఆగ్రహం తమ పెట్టుబడిని ముంచుతుందేమోనన్న భయం వారిలో ఉంది. వ్యాపారాన్ని రాజకీయం నుంచి వేరుచేయాలన్న ఒత్తిడి చిదంబరం పిళ్లై మీద స్వపక్షం నుంచే వచ్చింది. ఆ డైరెక్టర్లను పిరికివారని నిందించడం తేలిక. ఇతరుల సొమ్ముకు ధర్మకర్తలుగా ఉన్నవారికి జాగ్రత్త కూడా ధర్మమేనని గుర్తించడం న్యాయం. అయినా పోరాటం ఎవరి సొమ్ముతో నడుస్తున్నదో వారి భయం కూడా పోరాటంలో పాలు పంచుకుంటుందన్న సత్యం అక్కడ తొలిసారిగా తేటతెల్లమైంది.

చిదంబరం పిళ్లై ఆ ఒత్తిడికి తలవంచలేదు. 1908 మార్చి 12న ఆయనను, శివను, వారి సహచరుడు పద్మనాభ అయ్యంగార్‌ను అరెస్టు చేయగా మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది. పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు. జూలై 7న సెషన్స్ జడ్జి పిన్హే తీర్పు చెబుతూ చిదంబరం పిళ్లైకి యావజ్జీవ ద్వీపాంతరం, శివకు పదేళ్ల ద్వీపాంతరం విధించాడు. అప్పీళ్లలో ఆ శిక్షలు తగ్గాయి. ఈ కాల్పుల ప్రతిధ్వని తెలుగుదేశానికి కూడా చేరింది. బెజవాడలో 'స్వరాజ్య' పత్రికను నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు తిరునెల్వేలి ఘటనను ఖండించిన రచనకు గాను రాజద్రోహ నేరం కింద కారాగారం పాలయ్యాడు. ఆంధ్రదేశంలో తొలి రాజకీయ ఖైదీగా తెలుగువారు స్మరించే ఆయన శిక్షకు మూలం పాండ్యదేశపు రేవుపట్టణంలో పుట్టిన పోరాటమే. 

నాయకులు కారాగారంలో ఉండగా 1911లో స్వదేశీ కంపెనీ దివాలా తీసి మూతపడింది. దాని ఓడ ప్రత్యర్థుల చేతికే చిక్కడం వాటాదారుల నష్టం కన్న పెద్ద అవమానం. 1912 చివర విడుదలైన చిదంబరం పిళ్లైకి న్యాయవాద పట్టా లేదు, ఆస్తి లేదు. ఆయన కోసం దక్షిణాఫ్రికాలోని భారతీయులు చందాలు వేసుకుని గాంధీజీ ద్వారా పంపిన మొత్తం 347 రూపాయల 12 అణాలు. ఆ సొమ్ము చేరడానికి 1915, 1916 సంవత్సరాల్లో ఇద్దరి మధ్య చాలా ఉత్తరాలు నడిచాయి. లక్షల మూలధనంతో ఓడలు నడిపినవాడు పరాయి గడ్డ మీద చెమటోడ్చే తోటి మనుషులు అణాలు కూడబెట్టి పంపిన ఆ చిన్న మొత్తం కోసం నిరీక్షించాడు. బకీర్ సేట్ రెండు లక్షలు కంపెనీని నిలబెట్టలేకపోయాయి. ఈ మూడువందల చిల్లర ఒక మనిషిని నిలబెట్టింది. అయితే ఈ పోలికను సాగదీసి చిన్న చందాలే సర్వస్వమనడం అతిశయోక్తి. రెండు లక్షలు లేకపోతే ఓడలే లేవు. ఓడలు లేకపోతే తూత్తుకుడి పోరాటం పుట్టేదే కాదు.

కారాగారం నుంచి శివ తెచ్చుకున్నది కుష్ఠువ్యాధి. 'జ్ఞానభాను' పత్రిక నడిపాడు, మళ్లీ అరెస్టయ్యాడు, వ్యాధిగ్రస్తులకు రైలెక్కే అవకాశం లేని ఆ రోజుల్లో కాలినడకన ఊరూరా తిరిగాడు. చివరకు పాపారపట్టిలో మిత్రుల సహాయంతో స్థలం సంపాదించి భారతాశ్రమం నెలకొల్పాడు. అక్కడ కట్టదలచిన భారతమాత ఆలయానికి 1923లో శంకుస్థాపన చేసినవాడు దేశబంధు చిత్తరంజన్ దాస్. ఈ ఇద్దరి కలయికలో చరిత్రకారుని ఆపివేసే ఒక విశేషం ఉంది. దాస్ అప్పటికి కొద్ది కాలం క్రితమే, గయ కాంగ్రెసులో శాసనసభా ప్రవేశ వాదం ఓడిపోయాక, మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్య పార్టీని స్థాపించాడు. అంటే శాసనసభల లోపల సంఘటిత ప్రతిపక్షమన్నదానికి మన దేశంలో ఆయన ఆద్యుల్లో ఒకడు. ఆ మార్గాన్ని గయలో ఎదిరించి గెలిచిన వారి ముందు వరుసలో ఉన్నవాడు సేలం రాజాజీ. కలకత్తా న్యాయస్థానాల్లో అపారంగా ఆర్జించిన దాస్ ఆ వృత్తిని త్యజించి ప్రతిపక్ష నాయకత్వానికి వచ్చాడు, తన ఇంటిని కూడా ప్రజాసేవకు ధారపోశాడు. త్యాగం అక్కడ అలంకారం కాదు, పనిముట్టు. ఏ సంపన్నుని దయ మీదా ఆధారపడనవసరం లేని స్థితిని ఆయన దానితో సంపాదించుకున్నాడు. శివకు త్యజించడానికి ఏమీ లేదు. దాస్ ఉన్నదంతా త్యజించాడు. 1925 జూన్ 16న దాస్, అయిదు వారాల తరువాత శివ మరణించారు.

వ్యక్తుల త్యాగం మహోన్నతమైనదే కాని, త్యాగం మీద మాత్రమే ఒక సంస్థను నిలపడం సాధ్యం కాదు. పాపారపట్టి ఆలయం శివ బతికుండగా పూర్తి కాకపోవడమే ఇందుకు సాక్ష్యం. కాంగ్రెసు ఈ సంగతిని ముందే గ్రహించింది. 1921 మార్చి ఆఖరున బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, సభ్యత్వానికి కోటిమంది, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా నిర్ణయించింది. జూన్ ఆఖరుకు కోటి రూపాయలు వసూలయ్యాయి. బెజవాడలో స్త్రీలు చేతి గాజులు తీసి ఇచ్చిన నిధి అదే, బొంబాయి వర్తకులు లక్షల్లో ఇచ్చిన నిధీ అదే. అర్దెషిర్ గోద్రెజ్ ఒక్కరే మూడు లక్షలు ఇచ్చారు. విస్తృతమైన చిన్న చందాల పునాది మీద పెద్ద విరాళాలు నిలిచినప్పుడు పెద్ద దాత నాయకుణ్ణి ఆజ్ఞాపించలేడన్నది ఆ నిధి నేర్పిన పాఠం. దాత ఆగ్రహించి వెళ్లిపోయినా సంస్థ మిగిలి ఉంటుందన్న ధైర్యం నాయకునిలో ఉండాలి. ఆ ధైర్యమే అతని స్వాతంత్ర్యానికి కొలత.

ఈ ధైర్యం లేని ప్రతిపక్షం ఎలా ఉంటుందో జస్టిస్ పార్టీ చరిత్ర చూపుతుంది. బ్రాహ్మణేతర వర్గాలకు ఉద్యోగాల్లో, విద్యలో వాటా సాధించిన ఆ పార్టీ కృషిని తక్కువ చేయరాదు. కాని కాలక్రమేణా అది జమీందారుల ఆస్థానంగా మారింది. చిత్తూరు ప్రాంతపు బి. మునుస్వామి నాయుడిని 1932లో పదవి నుంచి దింపి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు ముఖ్యమంత్రి అయ్యాడు. 1937 ఎన్నికల్లో 215 స్థానాల్లో 159 కాంగ్రెసుకు దక్కాయి. బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ మీద ఓడించినవాడు కార్మిక నాయకుడు వి.వి. గిరి. ఓటమి కన్న శోచనీయం ఓటమి తరువాతి నిశ్శబ్దం. నిన్నటి పాలకులకు రేపటి ప్రతిపక్షంగా నిలిచే బాధ్యత ఉండగా రాజావారు యూరపు యాత్రకు తరలివెళ్లారు. ఇది ఒక వ్యక్తి బలహీనతగా చూసి వదిలివేయదగిన విషయం కాదు. తమ ఎస్టేట్లు, బిరుదులు, గౌరవ పదవులు ప్రభుత్వ అనుగ్రహం మీద ఆధారపడి ఉన్న పోషకులు, ప్రభుత్వంతో పోరాడే పార్టీని ఎందుకు పోషిస్తారు? అధికారం ఉన్నంతకాలం ప్రవహించిన ధనం అధికారంతోపాటే ఇంకిపోయింది.

ఆ శూన్యంలోకి వచ్చినవాడు పెరియార్ రామస్వామి. హిందీ వ్యతిరేకోద్యమంలో కారాగారంలో ఉండగానే, 1938 డిసెంబరు ఆఖరులో ఆయనను పార్టీ అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. 1944 ఆగస్టు 27న సేలంలో జరిగిన మహాసభలో అణ్ణాదురై ప్రతిపాదించిన తీర్మానం పార్టీ సభ్యులు ప్రభుత్వమిచ్చిన బిరుదులను వదులుకోవాలని, గౌరవ పదవుల నుంచి తప్పుకోవాలని నిర్దేశించింది. పార్టీ పేరు ద్రావిడర్ కళగం అయింది. రావుబహదూర్లు, దివాన్‌బహదూర్లు చాలామంది కలిసిరాలేదు, బి. రామచంద్రారెడ్డి, పి.టి. రాజన్ వంటివారు పాత పేరుతోనే వేరుగా నిలిచారు. ధనవంతులైన పోషకులను స్వయంగా వదులుకున్న పార్టీ మన చరిత్రలో అరుదు. ఆ వదులుకోవడమే దానికి వీథుల్లో స్వరమిచ్చింది. దాని నుంచి 1949లో విడివడిన ద్రవిడ మున్నేట్ర కళగం (డీఎంకే) నాటకాలు, సినిమాలు, పత్రికలు, సభల టిక్కెట్ల మీద బతికింది. 1967 ఎన్నికలకు ముందు అణ్ణాదురై పది లక్షల నిధిని కోరగా, కరుణానిధి పదకొండు లక్షలు కూడబెట్టి తెచ్చాడు. పదేళ్లపాటు సభలో, వీథిలో పోరాడిన ఆ ప్రతిపక్షం ఆ ఎన్నికల్లో కాంగ్రెసును ఓడించింది.

తెలుగునాట ఇదే కాలంలో స్వతంత్రమైన పోషణ మీద నిలిచిన ప్రతిపక్షం కమ్యూనిస్టులది. నెల్లూరు జిల్లా అలగానిపాడు భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని పార్టీకి ధారపోశాడు. శాసనసభ్యుల జీతాలు పార్టీకి చెల్లించి పార్టీ ఇచ్చే భత్యంతో బతకడం ఆ పక్షంలో ఆచారం. 1955 ఎన్నికల్లో సంపన్న వర్గాలన్నీ ఏకమై ఎదిరించగా సీట్లు దారుణంగా పడిపోయినా ఆ పార్టీ సభలో మౌనం వహించలేదు. అయితే ఈ స్వాతంత్ర్యానికి కూడా మూల్యం ఉంది. దాతల ఒత్తిడి లేని చోట సిద్ధాంత శాసనం ఒత్తిడి పెరిగింది; చీలికలు దాని శక్తిని హరించాయి. ఎవరి సొమ్ముకూ లొంగనివాడు తన పక్షపు పిడివాదానికి లొంగే ప్రమాదం ఉంటుంది. ధనానికి దూరంగా ఉండటం పోరాట సంకల్పాన్ని రక్షిస్తుంది. వివేకాన్ని కూడా అదే ప్రసాదిస్తుందని భ్రమపడరాదు.

మూడవ సమాధానం రాజాజీది. 1959లో ఎనభై ఏళ్ల వయసులో ఆయన, ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షునిగా, స్వతంత్ర పార్టీని నిలబెట్టాడు. పర్మిట్లు, లైసెన్సులు, కోటాల పాలనను ఆయన ఎదిరించాడు. ఆ పాలన భారం ఎక్కువగా మోస్తున్నవి వ్యాపారవర్గాలే కనుక వారు ఈ పార్టీని పోషిస్తారని ఆశించడం సహజం. ఆ ఆశ పాక్షికంగానే ఫలించింది. లైసెన్సు ఇవ్వగలవాడు ప్రభుత్వంలో ఉన్నప్పుడు, దాన్ని నిందించేవానికి వ్యాపారి ఎంత ఇస్తాడు? టాటాలు 1961లో కాంగ్రెసుతోపాటు స్వతంత్ర పార్టీకి కూడా విరాళమిస్తామని నెహ్రూకు ముందుగా తెలియజేశారు. అది మీ ఇష్టమని నెహ్రూ హుందాగానే బదులిచ్చాడు. ఆ ఉత్తరప్రత్యుత్తరాల మర్యాద ప్రశంసనీయమే. కాని ప్రతిపక్షానికి విరాళమివ్వబోతూ దేశంలోని అతిపెద్ద వ్యాపార సంస్థ ప్రధానమంత్రికి ముందుగా చెప్పుకోవలసిన అవసరం చూసిందంటే, చిన్న సంస్థలు ఎంత భయపడి ఉంటాయో ఊహించవచ్చు. అయినా ఆ పార్టీ 1967లో 44 స్థానాలతో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. ఆంధ్రదేశంలో గౌతు లచ్చన్న వంటివారు దాన్ని గ్రామాలకు చేర్చారు. లచ్చన్నకు బలమిచ్చింది కంపెనీలు కావు, గీత కార్మికులు, రైతులు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

న్యాయస్థానాలు ఈ ప్రమాదాన్ని రాజకీయుల కన్న ముందే చూశాయి. 1957లో టాటా స్టీలు కంపెనీ రాజకీయ విరాళాలకు అనుమతి కోరిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా, చట్టం అడ్డుచెప్పనందున అనుమతిస్తూనే, పెద్ద పెట్టుబడి రాజకీయాలను శాసించే ప్రమాదాన్ని పార్లమెంటు దృష్టికి తెచ్చాడు. 1960లో విరాళాలకు పరిమితి వచ్చింది. అవినీతి నిరోధంపై ఏర్పడిన సంతానం కమిటీ పూర్తి నిషేధాన్ని సిఫారసు చేసింది. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం నిషేధించింది. సంస్కరణగా చూస్తే అది శ్లాఘనీయం. కాని అధికారపక్షానికి ధనం సమకూర్చుకునే ఇతర మార్గాలు ఉంటాయి, ప్రతిపక్షానికి ఉండవు. నిషేధం తరువాతి కాలంలో ధనం లెక్కల పుస్తకం దాటి చీకటిలోకి వెళ్లింది. 1985లో నిషేధం ఎత్తివేశారు. 2013 కంపెనీల చట్టం లాభాల్లో ఏడున్నర శాతం దాకా అనుమతించింది. 2017లో ఆ పరిమితి కూడా పోయింది.

దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే వీలుతో 2018 జనవరిలో అమలులోకి వచ్చిన ఎన్నికల బాండ్లు ఈ చరిత్రకు పరాకాష్ఠ. వెయ్యి రూపాయల బాండు కూడా ఉన్నా, విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లదే. ఇరవై ఐదు రూపాయల స్వదేశీ వాటా నుంచి ప్రతిపక్షం ఎంత దూరం వచ్చిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న పథకాన్ని కొట్టివేశాక వెల్లడైన పట్టికల్లో, 2019 ఏప్రిల్ తరువాత భారతీయ జనతా పార్టీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609 కోట్లు, కాంగ్రెసుకు 1,421 కోట్లు, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు చేరినట్లు తేలింది. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ కొన్న 966 కోట్ల బాండ్లలో 584 కోట్లు భాజపాకు, 195 కోట్లు భారాసకు, 85 కోట్లు డీఎంకేకు వెళ్లాయి. కోయంబత్తూరు కేంద్రంగా ఉన్న ఫ్యూచర్ గేమింగ్ సంస్థ డీఎంకేకు 509 కోట్లు ఇచ్చింది. ఆ దాత పేరును డీఎంకే తానుగా ప్రకటించినదన్న సంగతి కూడా దాని ఖాతాలో జమ చేయాలి. ఈ విరాళాల వల్ల ఏ నిర్ణయం ఎటు మారిందో నిరూపించే సాక్ష్యం ఈ పట్టికల్లో లేదు. లేని సాక్ష్యాన్ని ఊహతో పూరించడం చరిత్రకారుని పని కాదు.

అయితే పట్టికలు నిరూపించే విషయాలు రెండున్నాయి. ఒకటి, కేంద్రంలో ప్రతిపక్షమైన పార్టీల్లో భారీగా పొందినవి చాలావరకు ఏదో ఒక రాష్ట్రంలో అధికారంలో ఉన్నవే. అంటే వాటిని పోషించింది వాటి ప్రతిపక్షత్వం కాదు, వాటి పాలకత్వం. రెండవది, ఒకే దాత పాలకునికీ ప్రతిపక్షానికీ కూడా ఇచ్చినప్పుడు, ఆ దాతకు సంబంధించిన ప్రశ్నలు సభలో ఎవరు లేవనెత్తాలన్న సమస్య. బాండ్ల విషయంలోనే దీనికి ఒక రుజువు దొరుకుతుంది. వాటిని ప్రతిపక్షాల్లో పలువురు విమర్శించారు. కాంగ్రెసు 2019 మేనిఫెస్టోలో రద్దు చేస్తామని వాగ్దానం కూడా చేసింది. కాని పార్టీగా సుప్రీంకోర్టు మెట్లెక్కి ఆ పథకాన్ని సవాలు చేసినది సీపీఎం ఒక్కటే. అది బాండ్లు తీసుకోలేదు. మిగిలిన వారు నిందించారు, తీసుకున్నారు, న్యాయపోరాటాన్ని పౌరసంస్థలకు వదిలారు. పోటీదారుడు తీసుకుంటుంటే తాము మానితే ఎన్నికల్లో ఎలా నిలబడగలమన్న వారి వాదనలో బలం లేకపోలేదు. ఆ వాదన బలంగా ఉన్నంతకాలం పోరాటసంకల్పం బలహీనంగానే ఉంటుందన్నది కూడా అంతే నిజం.

ఇతర దేశాలు ఈ సమస్యను సంస్థాగతంగా ఎదుర్కొన్న తీరు గమనించదగినది. స్వదేశీ కంపెనీ అంతరించిన 1911లోనే బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు జీతాలు ఏర్పరచింది; కార్మిక సంఘాల సొమ్ము లేబర్ పార్టీకి చేరరాదన్న 1909 నాటి ఆస్బర్న్ తీర్పు ప్రతిపక్షాన్ని ఉక్కిరిబిక్కిరి చేయడం అందుకు ప్రేరణల్లో ఒకటి. 1937లో ప్రతిపక్ష నాయకునికి జీతం, 1975లో ప్రతిపక్షాల సభాకార్యాలకు ప్రభుత్వ నిధి సమకూరాయి. మన దేశంలో ప్రతిపక్ష నాయకునికి 1977లో జీతభత్యాల చట్టం వచ్చింది. ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లో పార్టీలకు వస్తురూపంలో ప్రభుత్వ సహాయాన్ని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు.

శతాబ్దిని కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రాక తప్పదు. ప్రతిపక్ష నాయకుణ్ణి ధనం కొనవలసిన అవసరం అరుదు. అతని సంస్థకు ఆ ధనమే ఏకైక ఆధారమైతే చాలు, అతను ఏ ప్రశ్న అడగకూడదో తానుగా తెలుసుకుంటాడు. శివ, సుందరయ్యల వంటి వ్యక్తుల నిస్స్వార్థం ఈ నియమానికి మినహాయింపు. మినహాయింపుల మీద ప్రజాస్వామ్యాన్ని నడపలేము. 1921లో బెజవాడ పిలుపు, 1944లో సేలం తీర్మానం చూపిన మార్గం వేరు: పెద్ద దాత వెళ్లిపోయినా కూలిపోని సంస్థను నిర్మించడం. అందుకు కావలసినవి మూడు: ప్రతి విరాళానికి దాత పేరు వెల్లడి, ఒక్కొక్క దాతకు కచ్చితమైన పరిమితి, ఏటా చిన్న చందా చెల్లించే సభ్యుల వ్యవస్థ. మొదటి రెండూ చట్టం చేయగలదు. మూడవది పౌరులు చేయవలసిన పని. పోరాడే ప్రతిపక్షం కావాలని కోరేవారు దాని ఖర్చులో తమ వంతు భరించడానికి సిద్ధపడాలి.